గొర్రె పాలు చిక్కబడేదెప్పుడు, పలచబడేదెందుకు?

పాడి ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు గొర్రె పాల చుట్టూనే తిరిగాయి. జవాబులకు ముందు పోల్చుకోవడానికి ఒక లెక్క ఇస్తున్నాం. సగటున 100 గ్రాముల గొర్రె పాలలో వెన్న 7 గ్రాములు, ప్రొటీన్ 5.5 నుంచి 6, లాక్టోజ్ (పాలలోని చక్కెర) 4.8 దాకా, కాల్షియం 190 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటాయి. ఆవు పాలలో వెన్న 3.5 నుంచి 4, ప్రొటీన్ 3.3, కాల్షియం 120 మిల్లీగ్రాములు. గొర్రె పాల సగటుకు ఇరువైపులా వెన్న 5 నుంచి 9 దాకా ఊగుతుంది. ప్రొటీన్ కొద్దిగా కదులుతుంది. లాక్టోజ్, కాల్షియం ఉన్నచోటు నుంచి పెద్దగా కదలవు. కాబట్టి ‘పాల నాణ్యత పడిపోయింది’ అని రాసేటప్పుడు పడిపోయింది ఏదో కూడా రాయండి. వెన్న పడితే మేతనూ పితికే తీరునూ చూడాలి. ప్రొటీన్ పడితే జీవానికి శక్తి చాలుతోందా అని చూడాలి. లాక్టోజ్ పడితే మేత సంగతి పక్కనపెట్టి ముందు పొదుగు పట్టుకుని చూడాలి.

ప్రశ్న: ఒకే మంద, ఒకే మేత. సోమవారం పరీక్షలో వెన్న 6.1 వచ్చింది, గురువారం 7.7 వచ్చింది. పరీక్ష చేసినవాళ్లు తప్పు చేశారా?

పరీక్ష కంటే నమూనా తీసిన తీరు మీదే మాకు అనుమానం. సోమవారం పొద్దుటి పాలు, గురువారం సాయంత్రం పాలు పంపి ఉంటే రెండు అంకెలూ నిజమే కావచ్చు. సాయంత్రం పితుకుకీ మర్నాటి పొద్దుటి పితుకుకీ మధ్య ఎడం ఎక్కువ, కాబట్టి పొద్దున పాలు ఎక్కువ, వెన్న శాతం తక్కువ. సాయంత్రానికి ఎడం తక్కువ, పాలు తక్కువ, వెన్న ఎక్కువ. రెండు పూటలవీ కలిపితేనే ఆ రోజు పాల సంగతి తెలుస్తుంది.

కలపడం కూడా కొలతతో జరగాలి. ఒక గొర్రె పొద్దున 6.2 శాతం వెన్నతో 1.2 లీటర్లు, సాయంత్రం 7.6 శాతంతో 0.8 లీటర్లు ఇచ్చిందనుకోండి. రెండు శాతాలనూ కూడి సగం చేస్తే 6.9 వస్తుంది, కానీ అసలు లెక్క 6.76. పొద్దుటి పాల నుంచి 60 మి.లీ., సాయంత్రం పాల నుంచి 40 మి.లీ. తీసి ఒకే సీసాలో కలిపితే ఈ తేడా రాదు.

ఇంకో పొరపాటు పొదుగు దగ్గరే జరుగుతుంది. మొదటి ధారల్లో వెన్న తక్కువ, చివరి ధారల్లో చాలా ఎక్కువ. నేరుగా చనుమొన నుంచి సీసాలోకి పిండిన నమూనా ఎందుకూ పనికిరాదు. మొత్తం పితికి, పాత్రలో అడుగు నుంచి పైకి నాలుగైదుసార్లు గరిటెతో తిప్పి, నురగ లేకుండా తీసుకోవాలి. సీసా చల్లగా వెళ్లాలి. ప్రయోగశాలలో దాన్ని 38–40 డిగ్రీలకు వేడిచేసి, మెల్లగా తలకిందులు చేసి కలిపాకే కొలవాలి.

ఆమ్లంతో వెన్నను విడదీసి కొలిచే గెర్బర్ పద్ధతిలో మీరే చూసుకుంటుంటే ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లం 10 మి.లీ., దాని మీద గొట్టం గోడ వెంట జారుతూ పాలు 10.75 మి.లీ., ఆ తర్వాత ఎమైల్ ఆల్కహాల్ 1 మి.లీ. పోయాలి. పాలు ఒక్కసారిగా ఆమ్లంలో పడితే మాడి, వెన్న పొర కింద నల్లటి తునకలు తేలతాయి. అప్పుడు వచ్చే అంకెను నమ్మకూడదు. ఆవు పాల గొట్టాలపై గీతలు గొర్రె పాలకు చాలకపోవచ్చు. అప్పుడు పాలకు సమానంగా నీళ్లు కలిపి కొలిచి, వచ్చిన అంకెను రెండింతలు చేయండి.

లాక్టోమీటర్‌ను మాత్రం నమ్ముకోవద్దు. పాల సాంద్రతను కొలిచే ఆ సాధనం, మామూలుగా 36 చూపే గొర్రె పాలలో పదో వంతు నీళ్లు కలిపినా 32 దగ్గర ఆగుతుంది. ఆవు పాల లెక్కన అది మంచి పాలే!

ప్రశ్న: ఈనిన రెండు వారాలకు పాలు చిక్కగా ఉన్నాయి. ఐదో వారానికి పాలు పెరిగాయి గానీ పలచబడ్డాయి. మేత మార్చలేదు. ఏం లోపం?

లోపం లేదు, అది పాడి నడక. ఈనిన మూడు నుంచి ఐదు వారాల మధ్య పాలు గరిష్ఠానికి చేరతాయి. ఆ సమయంలోనే వెన్న, ప్రొటీన్ శాతాలు కనిష్ఠంగా ఉంటాయి. తర్వాత పాలు తగ్గుతూ శాతాలు పెరుగుతూ పోతాయి. వట్టిపోయే ముందు పాలలో వెన్న 8 లేదా 9 కూడా చూస్తాం.

శాతం చూసి సంబరపడే ముందు గ్రాములు లెక్కేయండి. రోజుకు 2 లీటర్లు 6 శాతంతో ఇస్తే 120 గ్రాముల వెన్న. అదే గొర్రె నాలుగో నెలలో 1 లీటరు 8 శాతంతో ఇస్తే 80 గ్రాములే. పలచగా ఉన్న నెలలోనే మీకు పోషకాలు ఎక్కువ వచ్చాయి.

మొదటి రెండు వారాల చిక్కదనం కూడా ఎప్పుడూ మంచి సూచన కాదు. తిన్నది చాలక గొర్రె తన ఒంటి కొవ్వు కరిగిస్తుంటే ఆ కొవ్వు పాలలోకి దిగి వెన్న శాతాన్ని పెంచుతుంది. నడుము మీద చెయ్యి పెట్టి చూడండి. ఈనేనాటికి ఒంటి స్థితికి ఇచ్చే మార్కు 5కు 3 నుంచి 3.5 ఉండాలి. వెన్నెముక ముళ్లు తగులుతాయి గానీ గుచ్చుకోవు. మొదటి ఆరు వారాల్లో అర పాయింటు తగ్గడం మామూలే, ఒక పాయింటు మించి తగ్గితే అది తిండి చాలని గొర్రె. వెన్న ఎక్కువుండి, ప్రొటీన్ పడిపోయి, జీవం దాణా దగ్గర ముఖం తిప్పుకుంటూ చిక్కిపోతుంటే రక్తంలో కీటోన్లు (ఒంటి కొవ్వు అతిగా కరిగినప్పుడు పేరుకునేవి) ఉన్నాయేమో పరీక్ష చేయించండి. దీనికి మందు చూడి నెలల్లోనే ఉంది. కడుపులో పిల్ల ఎక్కువగా పెరిగేది చివరి ఆరు వారాల్లోనే. అప్పుడు కడుపు ఇరుకై గొర్రె తక్కువ తింటుంది కాబట్టి, తక్కువ తిన్నా శక్తి అందేలా మంచి మేత, కొద్దిగా దాణా ఇవ్వాలి.

ఈత సంఖ్య కూడా లెక్కలోకి వస్తుంది. పాలు ఎక్కువిచ్చేది సాధారణంగా మూడు, నాలుగు ఈతల్లో. కవల పిల్లలను ఈనినవి ఒక్క పిల్లను ఈనినవాటి కంటే ఎక్కువ ఇస్తాయి, వాటి వెన్న శాతం కొంచెం తక్కువ కనిపించవచ్చు.

ప్రశ్న: పాలు పెరగాలని దాణా రోజుకు 400 గ్రాముల నుంచి 1 కిలోకు పెంచాం. పాలు పావు లీటరు పెరిగాయి, వెన్న 7.1 నుంచి 5.9కి దిగింది. పేడ కూడా పలచగా ఉంది.

పేడ పలచబడిందని రాయడం మంచిదైంది. అది లేకపోతే, పాలు పెరిగి వెన్న కొంత పలచబడిందేమో, గ్రాముల్లో ఎంత తగ్గిందో చూడమనేవాళ్లం. పేడ మారిందంటే పెద్ద పొట్టలో పులుపు పెరిగింది.

జరిగేది ఇది. పీచు పులిసినప్పుడు ఎసిటిక్ ఆమ్లం ఎక్కువగా తయారవుతుంది, పొదుగు దాన్నే ముడిసరుకుగా తీసుకుని వెన్న కడుతుంది. గింజల పిండిపదార్థం పులిస్తే ప్రొపియోనిక్ ఆమ్లం పెరుగుతుంది. అది లాక్టోజ్‌కూ పాల పరిమాణానికీ పనికొస్తుంది గానీ వెన్నకు కాదు. పైగా పులుపు ఎక్కువైతే పీచును జీర్ణం చేసే సూక్ష్మజీవులు చితికిపోతాయి. మేతలోని నూనె కూడా సరిగా మారక, వెన్న తయారీని అడ్డుకునే కొవ్వు ఆమ్లాలు కొన్ని పుడతాయి. ఈ దెబ్బకు ఆవు త్వరగా లొంగుతుంది. గొర్రె కొంత తట్టుకుంటుంది. తట్టుకునే గొర్రెలో కూడా వెన్న ఇంత దిగిందంటే పులుపు చాలాదూరం వచ్చిందనే అర్థం.

60 కిలోల గొర్రె, రోజుకు లీటరున్నర పాలు ఇచ్చేది, తేమ తీసేసిన లెక్కలో 2.2 నుంచి 2.6 కిలోలు తింటుంది. అందులో సగానికి తగ్గకుండా మేతే ఉండాలి. మొత్తం ఆహారంలో పీచు, అంటే ప్రయోగశాలవాళ్లు ఎన్‌డీఎఫ్ అని రాసేది, 30–35 శాతానికి దిగకూడదు. మీరిచ్చే కిలో దాణా ఈ హద్దు దగ్గరే ఉంది. ఒకేపూట పెడుతుంటే మాత్రం హద్దు దాటినట్టే.

ముందు దాణాను 500 నుంచి 600 గ్రాములకు దించి, కనీసం రెండు పూటలుగా చేయండి. ఒక్కపూటకు 300 గ్రాములు మించొద్దు. ఎండుమేత ముందు, దాణా తర్వాత. మేతను పిండిలా నూరొద్దు, 2 నుంచి 4 సెంటీమీటర్ల ముక్కలు చాలు. మరీ పొడైతే నెమరు తగ్గుతుంది, నెమరు తగ్గితే లాలాజలం తగ్గుతుంది, పులుపును కడిగేది ఆ లాలాజలమే. గింజలు మెత్తటి పిండిగా కాక గరుకుగా ఉండాలి. దాణా కిలోకు 10–15 గ్రాముల వంటసోడా కలిపితే కొంత ఊరట ఉంటుంది, కానీ పీచు తక్కువైన లోటును సోడా తీర్చలేదు. మళ్లీ పెంచాలనుకుంటే 10 నుంచి 14 రోజుల్లో మెట్టుమెట్టుగా పెంచండి. మధ్యాహ్నం మంద పడుకున్నప్పుడు ఒకసారి చూడండి. పడుకున్నవాటిలో సగానికి పైగా నెమరేస్తుంటే దారి సరైనదే. పాల పరీక్ష మాత్రం రెండు మూడు వారాలు ఆగి చేయించండి.

ప్రశ్న: వెన్న కాదు, ప్రొటీన్ పెరగాలి మాకు. దాణాలో నూనెగింజల చెక్క పెంచితే పెరుగుతుందా?

కొద్దిగా కూడా పెరగకపోవచ్చు. పాల ప్రొటీన్‌ను ఎక్కువగా నిర్ణయించేవి జాతి, పాడి దశ. మేతతో కదిలేది పాయింటులో కొన్ని వంతులే. అదీ చాలాసార్లు ప్రొటీన్ పెంచినందుకు కాదు, శక్తి చాలినందుకు. పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు మేతలోని నత్రజనిని తమ ప్రొటీన్‌గా మార్చుకోవాలంటే వాటికి పిండిపదార్థపు శక్తి కావాలి. అది లేకపోతే చెక్క అమోనియాగా, ఆపై యూరియాగా మారి మూత్రంలోనూ పాలలోనూ పోతుంది. డబ్బులిచ్చి కొన్న చెక్కను మూత్రంలో పోయించుకోవడం.

మొత్తం ఆహారంలో 16 శాతం దగ్గర ప్రొటీన్ ఉంటే పాలిచ్చే గొర్రెకు చాలు. పాల యూరియా పరీక్ష చేయించండి. 100 మి.లీ.కు 50 మిల్లీగ్రాములు దాటితే చెక్క ఎక్కువైంది లేదా శక్తి తక్కువైంది. లేత పచ్చిక మీద మేసే మందలో ఇది తరచుగా కనిపిస్తుంది. కాగితం మీద ‘యూరియా’ అని ఉందో ‘యూరియా నత్రజని’ అని ఉందో చూసుకోండి. రెండోదైతే 2.14తో గుణించాకే పై అంకెతో పోల్చాలి.

వెన్న కోసం కాల్షియం కలిపిన కొవ్వు పొడి వాడేవాళ్లు ఒకటి గమనించాలి. అది వెన్నను పెంచుతుంది, ప్రొటీన్ శాతాన్ని కొంత దించుతుంది. పాలు జున్నుకు (చీజ్ తయారీకి) వెళ్తుంటే ఆ బేరం గిట్టకపోవచ్చు.

ప్రశ్న: రాత్రి పిల్లలను వేరుచేసి, పొద్దున పితికి, పగలంతా పిల్లలను తల్లుల దగ్గర వదులుతాం. మా పాలలో వెన్న 4.5 దాటడం లేదు. మేత బాగానే ఉంది.

వెన్న పిల్లల కడుపులోకి పోతోంది. గొర్రె పొదుగులో సగానికి పైగా పాలు కింది తిత్తిలో ఉంటాయి. అవి చెయ్యి పెట్టగానే వస్తాయి, వాటిలో వెన్న తక్కువ. వెన్న ఎక్కువున్న పాలు పైన చిన్న చిన్న గదుల్లో ఉండిపోతాయి. గొర్రె చేపితేనే, అంటే పాలు వదిలితేనే, అవి కిందికి దిగుతాయి. పిల్లను సాకుతున్న తల్లి మనిషి చేతికి సరిగా చేపదు. మీరు తిత్తి ఖాళీ చేసి లేస్తారు, గంట తర్వాత పిల్ల వచ్చి మిగతాది తాగుతుంది. ఇలాంటి మందల్లో వెన్న ఒకటి రెండు పాయింట్లు తగ్గడం మామూలే. ప్రొటీన్ మాత్రం ఇంత తేడా చూపదు, ఎందుకంటే అది పాలలో అంతటా సమానంగా కలిసి ఉంటుంది. మీ పాలలో ప్రొటీన్ 5కు పైన ఉండి వెన్న ఒక్కటే 4.5 ఉంటే కారణం ఇదే.

పిల్లలు నెల దాటి గడ్డి, దాణా తింటుంటే పూర్తిగా విడదీయండి, వెన్న దానంతటదే తేరుకుంటుంది. పిల్లల ఎదుగుదల ముఖ్యమనుకుంటే తక్కువ వెన్నకు ఒప్పుకోండి, దాని కోసం మేత మార్చి డబ్బు తగలేయొద్దు. పిల్లలు విడిపోయాక కూడా వెన్న తక్కువుంటే పితికే తీరు చూడాలి. గోరువెచ్చటి తడిగుడ్డతో తుడిచి, అరనిమిషం పొదుగు నిమిరి, చేపనిచ్చి పితకాలి. ధార సన్నబడగానే వదిలేయకుండా పొదుగును కింది నుంచి ఒత్తి చివరి పాలు తీయాలి. అరుపులు, కుక్కలు, కొత్త మనుషులు ఉన్నచోట బెదిరిన గొర్రె చేపదు.

ప్రశ్న: ఏ జాతి పాలు అన్నిటికంటే మంచివి?

ఎక్కువ పాలిచ్చే ఈస్ట్ ఫ్రీజియన్ లాంటి జాతుల్లో శాతాలు తక్కువ, తక్కువ పాలిచ్చేవాటిలో ఎక్కువ. జున్ను కోసం తరతరాలుగా ఎంపిక చేస్తూ వచ్చిన లకోన్, సార్డా, మంచేగా జాతుల్లో పరిమాణం, ఘనపదార్థం రెండిటికీ పొత్తు కుదిర్చే ప్రయత్నం కనిపిస్తుంది. ఒకే జాతిలో రెండు గొర్రెల మధ్య తేడా రెండు జాతుల సగటుల మధ్య తేడా కంటే ఎక్కువ ఉండవచ్చు. కాబట్టి జాతి పేరు కంటే, ఏ గొర్రె పాడి మొత్తం మీద ఎన్ని గ్రాముల వెన్న, ప్రొటీన్ ఇచ్చిందో రాసుకున్న పుస్తకం మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. పొట్టేలును ఎంచేటప్పుడు దాని తల్లి లెక్కలు చూడండి.

ప్రశ్న: పచ్చిక మీద మేసిన గొర్రె పాలు ఆరోగ్యానికి మంచివంటారు. నిజంగా తేడా ఉంటుందా, ప్రచారమా?

వెన్న ఎంత ఉందన్న దానిలో కాదు, ఆ వెన్న ఎలాంటిదన్న దానిలో తేడా ఉంది, కొలవగలిగేంత ఉంది. లేత పచ్చిక కొవ్వులో సగం దాకా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమే, అంటే ఒమేగా-3. పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు దాన్ని విడతలవారీగా మారుస్తాయి. ఆ దారిలో వాక్సీనిక్ ఆమ్లం పుట్టి, పొదుగులో సీఎల్ఏ అనే కొవ్వు ఆమ్లంగా మారుతుంది. నెమరువేసే జీవాల పాలలో గొర్రె పాలే దీనికి ముందు వరసలో ఉంటాయి. పచ్చిక ముదిరి పూతకు వచ్చేసరికి ఆకు తగ్గి కాడ పెరుగుతుంది, పాలలో సీఎల్ఏ కూడా పడిపోతుంది. ఎండుగడ్డిలో ఇంకా తక్కువ, ఎందుకంటే ఆరబెట్టేటప్పుడు ఆకు రాలిపోతుంది, కొవ్వు ఆమ్లాలు గాలికి చెడతాయి. కెరోటిన్, విటమిన్ ఇ కూడా ఎండకు నశిస్తాయి. ఎండుగడ్డి తెల్లబోయిందంటే అవి పోయినట్టే.

పచ్చిక లేని నెలల్లో అవిసె గింజలు వాడవచ్చు. గింజలో 40 శాతం దాకా నూనె ఉంటుంది. రోజుకు 100 నుంచి 120 గ్రాములు, కచ్చాపచ్చాగా దంచి, దాణాలో కలపాలి. దంచకపోతే చాలా గింజలు పేడలో అలాగే కనిపిస్తాయి. దంచి నిలవ ఉంచితే కారువాసన వస్తుంది, ఎప్పటిది అప్పుడే దంచండి. మొత్తం ఆహారంలో కొవ్వు 5–6 శాతం దాటితే పీచు జీర్ణం దెబ్బతిని, వెన్న తగ్గుతుంది. తేడా ఒకటి రెండు వారాల్లో కనబడుతుంది, ఆపేస్తే అంతే త్వరగా పోతుంది.

ప్రశ్న: పాలలో కాల్షియం పెరగడానికి ఆవుల మినరల్ మిక్స్‌చర్ గొర్రెలకు పెట్టవచ్చా?

వద్దు. అందులో రాగి ఉంటుంది. ఆవుకు తగిన మోతాదు గొర్రెకు విషం. కిలో ఆహారానికి 15 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదపు హద్దు. రాగి వారాలు, నెలలు కాలేయంలో పేరుకుంటుంది, బయటికి ఏమీ కనబడదు. ఒకరోజు కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు ఎరుపులోకి మారి జీవం పడిపోతుంది. అప్పటికి చాలావాటిని బతికించలేం. గొర్రెలకని ప్రత్యేకంగా రాసి ఉన్న మిశ్రమమే కొనండి.

పైగా పాలలో కాల్షియం దాణాతో పెరగదు. మేతలో లోటుంటే తల్లి ఎముకల నుంచి తీసి పాలలో పోస్తుంది. నష్టపోయేది తల్లి, పాలు కాదు. మేతను బట్టి నిజంగా మారేవి అయోడిన్, సెలీనియం. మేతలో కోబాల్ట్ లోపిస్తే పొట్టలో విటమిన్ బి12 తయారీ కుంటుపడుతుంది, పాలలోనూ అది తగ్గుతుంది.

ప్రశ్న: ఎండాకాలంలో పాలు తగ్గడం సరే, పెరుగు కూడా మునుపటిలా గట్టిగా ఉండటం లేదు.

ఎండకు గొర్రె తక్కువ తింటుంది, తిన్నదానిలో కొంత ఒళ్లు చల్లబరచుకోవడానికే ఖర్చవుతుంది. వెన్నతో పాటు కేసీన్ అనే ప్రొటీన్ కూడా తగ్గుతుంది. పెరుగు గట్టిదనం కేసీన్ మీదే ఆధారపడి ఉంది.

ముందు నీడ, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే మేత. ఒక్కో గొర్రెకు 1.5 నుంచి 2 చదరపు మీటర్ల నీడ ఉండాలి. తెల్లవారుజామున, సాయంత్రం మేపి, దాణాలో పెద్ద భాగం చల్లబడ్డాక పెట్టండి. తిన్నాక పొట్టలో పుట్టే వేడి మధ్యాహ్నపు ఎండతో కలవకూడదు. పాలిచ్చే గొర్రె ఎండలో రోజుకు 8 నుంచి 10 లీటర్ల దాకా తాగుతుంది. తొట్టి నీడలో పెట్టండి, ఎండకు కాగిన నీళ్లు అది తాగదు.

ఇవన్నీ చేసినా పెరుగు మెరుగుపడకపోతే కింది ప్రశ్న చదవండి.

ప్రశ్న: పాలు కొంచెం ఉప్పగా అనిపిస్తున్నాయి, జున్ను గడ్డ సరిగా కట్టడం లేదు. పొదుగు మాత్రం మామూలుగానే ఉంది, వాపు లేదు.

ఉప్పదనం వచ్చిందంటే బయటికి కనబడని పొదుగువాపు ఉందేమో చూడాలి. పొదుగు కణాలు దెబ్బతింటే లాక్టోజ్ తగ్గి, ఆ లోటును పూడ్చడానికి రక్తం నుంచి సోడియం, క్లోరైడ్ పాలలోకి వస్తాయి. కేసీన్ తగ్గుతుంది, రక్తపు ప్రొటీన్లు పెరుగుతాయి. అందుకే మొత్తం ప్రొటీన్ అంకె బాగానే కనబడుతుంది, గడ్డ మాత్రం కట్టదు. ప్లాస్మిన్ అనే ఎంజైమ్ కేసీన్‌ను పొదుగులోనే ముక్కలు చేయడం మొదలుపెడుతుంది. పాలు కాచినా అది పూర్తిగా చావదు.

సీఎంటీ పరీక్ష (పొదుగువాపుతో పాలలో పెరిగే కణాలను పసిగట్టేది) మీరే చేసుకోవచ్చు. మొదటి రెండు మూడు ధారలు నల్లటి గిన్నెలోకి తీసి తరకలున్నాయేమో చూసి పారబోయండి. ఆ తర్వాత రెండు చనుమొనల నుంచి విడివిడిగా పరీక్ష పళ్లెంలోని ఒక్కో గుంటలో 3 మి.లీ. పాలు పట్టి, అంతే పరీక్ష మందు పోసి, పది పదిహేను సెకన్లు గుండ్రంగా తిప్పండి. నీళ్లలా పారితే మంచిదే. జిగురుగా సాగినా, మధ్యలో కుప్పగా చేరినా జబ్బు ఉన్నట్టు. గొర్రె పొదుగులో రెండు భాగాలకూ పొత్తు లేదు కాబట్టి, ఒకవైపు జిగురుగా ఉండి రెండోవైపు పలచగా పారితే అనుమానం అక్కర్లేదు. రెండువైపులా కొద్దిగా సాగి, గొర్రె పాడి చివర్లో ఉంటే అది మామూలుగానే కణాలు పెరిగే కాలం, తొందరపడొద్దు.

ప్రయోగశాల లెక్కలో మిల్లీలీటరుకు 2.5 లక్షల లోపు కణాలుంటే ఆరోగ్యం, 5 లక్షలు దాటితే జబ్బు ఉందనే అనుకోవాలి. పట్టుబడినవాటిని చివర పితకండి, పాలు విడిగా ఉంచండి. ఏ మందు వాడాలన్నది పాలలోని సూక్ష్మజీవిని పెంచి చూశాక పశువైద్యులు తేల్చాలి. మందు వాడాక ఎన్ని రోజులు పాలు అమ్మకూడదో అడిగి రాసిపెట్టుకోండి.

ప్రశ్న: కొత్తగా గొర్రె పాలు కొంటున్నాం. తెల్లగా సున్నంలా ఉన్నాయి, ఫ్రిజ్‌లో పెట్టినా పైన మీగడ తేలడం లేదు. వెన్న తీసేసి అమ్ముతున్నారా? ఆవు పాలు పడనివారికి ఇవి పడతాయా?

రంగు సంగతి ముందు. గొర్రె తను తిన్న కెరోటిన్‌ను విటమిన్ ఎగా మార్చుకునే పాలలోకి పంపుతుంది, పసుపు రంగు మిగలదు. మీగడ తేలకపోవడానికి కారణం వెన్న బిందువులను గుత్తులుగా అంటించే ఒక ప్రొటీన్ ఆవు పాలలో ఉండి గొర్రె పాలలో లేకపోవడం. గుత్తి కట్టని చిన్న బిందువులు చాలా నెమ్మదిగా పైకి వస్తాయి. అనుమానం తీరాలంటే వెన్న పరీక్షే దారి.

పడకపోవడం రెండు రకాలు. లాక్టోజ్ అరగనివారికి ఇవి కూడా అరగవు, ఆవు పాలలో ఉన్నంత లాక్టోజ్ వీటిలోనూ ఉంది. ఆవు పాల ప్రొటీన్‌కు అలర్జీ ఉన్నవారికి ఇంకా జాగ్రత్త అవసరం. రెండింటి కేసీన్లూ దగ్గరి పోలికవే, ఒకటి పడనివారిలో చాలామందికి రెండోదీ పడదు. వైద్యుణ్ని అడగకుండా రుచి కూడా చూడొద్దు. ఏడాది నిండని పిల్లలకు తల్లిపాలకు బదులుగా ఇవి పనికిరావు. వీటిలోని ప్రొటీన్, లవణాల భారాన్ని పసి మూత్రపిండాలు మోయలేవు.

ప్రశ్న: పాలు కాస్తే పోషకాలు పోతాయని పచ్చివే తాగమంటున్నారు. మరి రోజూ లీటరే వస్తుంటే జున్నుకు సరిపడా ఎలా పోగేయాలి?

పచ్చివి తాగొద్దు. గొర్రెల నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లా జబ్బు నెలల తరబడి జ్వరం, కీళ్లనొప్పులతో పీడిస్తుంది. క్యూ జ్వరమూ పాలలో రావచ్చు. 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, లేదా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచితే చాలు. విటమిన్ సి, బి1, ఫోలేట్ కొంత తగ్గుతాయి. వెన్న, కేసీన్, కాల్షియం ఎక్కడికీ పోవు. విటమిన్ బి2ను పాడుచేసేది వేడి కంటే వెలుతురు, కాబట్టి గాజు సీసాను కిటికీ దగ్గర పెట్టొద్దు. కేసీన్, కాల్షియం ఎక్కువున్నందువల్ల ఈ పాలు ఆవు పాల కంటే త్వరగా అడుగంటుతాయి. మందపాటి గిన్నె, సన్నటి మంట, ఆపకుండా గరిటె తిప్పడం కావాలి.

పోగేయడానికి ఫ్రీజర్లో గడ్డకట్టించడం మంచి పద్ధతే, గొర్రె పాలు దాన్ని బాగా తట్టుకుంటాయి. పితికిన రెండు గంటల్లో 4 డిగ్రీలకు చల్లబరచండి. లీటరు సంచుల్లో పలచగా పరిచి గడ్డకట్టించండి. పెద్ద డబ్బాలో పోస్తే మధ్యభాగం నెమ్మదిగా గడ్డకట్టి, ప్రొటీన్ విరిగి, కరిగించినప్పుడు అడుగున ముద్దలు చేరతాయి. మైనస్ 25 డిగ్రీలకు కింద ఆరు నెలలకు పైగా నిలుస్తాయి. ఇంట్లో ఉండే మైనస్ 18 డిగ్రీల పెట్టెలో మూడు నెలల్లోపు వాడేయండి. సంచి మీద తేదీతో పాటు ఏ గొర్రెల పాలో, పాడి ఎన్నో నెలో కూడా రాయండి. రెండో నెల పాలు, ఆరో నెల పాలు కలిపి జున్ను చేస్తే ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. కరిగించేటప్పుడు ఫ్రిజ్‌లోనే రాత్రంతా ఉంచాలి, వేడినీళ్లలో పెట్టొద్దు. పొదుగువాపు ఉన్న గొర్రె పాలు ఒక్క సంచిలో కలిసినా ఆ రోజు గడ్డ మెత్తబడుతుంది.